ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్యాకప్‌లో ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’: నా అనుభవం

విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీకి కంప్యూటర్ల పని నేను చూస్తాను. బిల్లింగ్, స్టాకు, బ్యాచ్ నంబర్లు, షాపుల బాకీలు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి, దాని వెనక ఉన్నది ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత డేటాబేస్ ప్రోగ్రాం. మార్చి 7, శనివారం సాయంత్రం పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టించాం. సాఫ్ట్‌వేర్ వాళ్ల టెక్నీషియన్ వచ్చి 2019 ఎక్స్‌ప్రెస్ వేసి, డేటా ఎక్కించి, రెండు బిల్లులు కొట్టి చూపించి వెళ్లాడు. పాత మెషీన్‌లోని రెండో హార్డ్ డిస్క్ బాగానే ఉంది కాబట్టి దాన్ని అలాగే తీసి కొత్తదాంట్లో డి డ్రైవ్‌గా పెట్టాడు. బ్యాకప్ ఫోల్డర్ దాంట్లోనే ఉంది. ఈ హార్డ్ డిస్క్ సంగతి గుర్తు పెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

సోమవారం 9న రాత్రి షాపు కట్టేసే ముందు ఆ ఫోల్డర్ తెరిచి చూస్తే పాత ఫైళ్లు ఉన్నాయి గానీ కొత్తది ఒక్కటీ లేదు. సాఫ్ట్‌వేర్‌లో బ్యాకప్ బటన్ నొక్కాను. ‘బ్యాకప్ ఫెయిల్డ్’ అని ఒక చిన్న డబ్బా వచ్చింది, కింద ఓకే బటన్, అంతే. ఎందుకు ఫెయిలైందో ఒక్క ముక్క లేదు. మీకూ ఇలాంటి డబ్బా వస్తే దాని మీద టైమ్ వేస్ట్ చేసుకోకండి, నేరుగా మేనేజ్‌మెంట్ స్టూడియో (ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని చూసుకునే టూల్) తెరిచి అక్కడ నుంచి బ్యాకప్ తీసి చూడండి, అసలు మాట అక్కడ బయటపడుతుంది. నాకు వచ్చింది ఇది: మెసేజ్ 3201, కెనాట్ ఓపెన్ బ్యాకప్ డివైస్, ఆపరేటింగ్ సిస్టమ్ ఎర్రర్ 5, యాక్సెస్ ఈజ్ డినైడ్. దాని వెంటే 3013, బ్యాకప్ డేటాబేస్ ఈజ్ టెర్మినేటింగ్ అబ్‌నార్మల్లీ.

నేను విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌ని. ఎస్‌క్యూఎల్‌లో అన్ని హక్కులూ ఉండే ‘ఎస్ఏ’ లాగిన్‌తో ఉన్నాను. అదే ఫోల్డర్‌లో నోట్‌ప్యాడ్ ఫైల్ ఒకటి సేవ్ చేస్తే చక్కగా సేవ్ అయింది. మరి ఎవరికి డినైడ్? ఆ రాత్రి నిజంగా టెన్షన్ పడ్డాను. మార్చి నెల, సంవత్సరాంతం లెక్కలు, ఎక్స్‌పైరీ రిటర్న్‌లు, అన్నీ ఈ ఒక్క డేటాబేస్‌లో ఉన్నాయి. శనివారం నుంచి కొట్టిన బిల్లులకు ఎక్కడా రెండో కాపీ లేదు.

అప్పటికప్పుడు ఒక పని చేశాను. కౌంటర్ కంప్యూటర్లన్నీ ఆపించి, ఎస్‌క్యూఎల్ సర్వీస్ (విండోస్ వెనక ఎప్పుడూ నడుస్తూ ఉండే ఆ డేటాబేస్ ప్రోగ్రాం) స్టాప్ చేసి, డేటా ఫైల్, లాగ్ ఫైల్ రెండూ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి మళ్లీ స్టార్ట్ చేశాను. సర్వీస్ నడుస్తున్నప్పుడు ఆ ఫైళ్లు కాపీ కావు, ఆపాల్సిందే. ఎస్‌క్యూఎల్ డేటా ఫోల్డర్ తెరవబోతే విండోస్ ‘మీకు పర్మిషన్ లేదు, కంటిన్యూ నొక్కితే శాశ్వతంగా ఇస్తాం’ అన్న అర్థంలో అడుగుతుంది, కంగారు పడకండి, అది మీ ఒక్క అకౌంట్‌ను మాత్రమే ఆ ఫోల్డర్‌కి కలుపుతుంది. బ్యాకప్ సర్దుకునే దాకా రోజూ రాత్రి ఇదే పని. అరగంట పట్టేది. రోజంతా బిల్లులు నడిచే చోట ఇది పద్ధతి కాదు గానీ, చేతిలో ఏమీ లేకుండా ఇంటికెళ్లి పడుకోవడం కంటే నయం.

మంగళవారం పొద్దున సపోర్ట్‌కి ఫోన్ చేశాను. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) అయిపోయింది, రెన్యూ చేస్తేనే టికెట్ అన్నారు. నాలుగు వేలు, జీఎస్టీ 18 శాతం కలిపి 4,720 రూపాయలు. ఓనరు గారు వెంటనే కట్టించారు. కట్టాక కూడా ఆ రోజు ఎవరూ పలకలేదు, బుధవారం సాయంత్రం నాలుగున్నరకి ఒక అబ్బాయి రిమోట్‌లో వచ్చాడు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, ‘ఎవ్రీవన్’ అని టైప్ చేసి ఫుల్ కంట్రోల్ టిక్ పెట్టాడు. బ్యాకప్ అయింది.

“అయిపోయిందండి సార్, టికెట్ క్లోజ్ చేసేయనా?”

“ఎవ్రీవన్ అంటే కౌంటర్‌లో కూర్చునేవాళ్లందరికీ కూడా కదా బాబూ? ఆ ఫోల్డర్ నెట్‌వర్క్‌లో షేర్ అయి ఉంది.”

“అందరం ఇలాగే ఇస్తామండి, ప్రాబ్లం ఏం ఉండదు.”

ఆ అబ్బాయి తప్పేం లేదు, రోజుకి ఎన్ని టికెట్లు మూయాలో అతనికి. కానీ నాకు మనసొప్పలేదు. ఆ బ్యాకప్ ఫైల్ అంటే ఏజెన్సీ మొత్తం: ఏ కంపెనీ దగ్గర ఎంతకు కొన్నాం, ఏ షాపుకి ఎంత మార్జిన్, ఎవరు ఎంత బాకీ. అది ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో ఎత్తుకుపోవచ్చు. అంతకంటే నా భయం రాన్సమ్‌వేర్. ఒక కౌంటర్ కంప్యూటర్‌లోకి అది వచ్చిందంటే రాయడానికి వీలున్న ప్రతి షేర్ ఫోల్డర్‌నీ తాళం వేసేస్తుంది, బ్యాకప్‌లతో సహా. ‘ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్’ ఇచ్చిన బ్యాకప్, అవసరమైన రోజున ఉండదు. ఫోన్ పెట్టేయగానే ఆ లైన్ తీసేశాను. ఎర్రర్ 5 మళ్లీ వచ్చింది.

గురువారం 12న తీరిగ్గా కూర్చుని అదే సెక్యూరిటీ ట్యాబ్‌ని ఒక్కో లైనూ చదివాను. అడ్మినిస్ట్రేటర్స్, సిస్టమ్, ఆ కింద ‘అకౌంట్ అన్‌నోన్’ అని, పక్కన బ్రాకెట్‌లో ఎస్-1-5-21 అంటూ మొదలయ్యే పొడవాటి అంకెల వరస. అలాంటివి ఇంకా ఉన్నాయి. అవి పాత మెషీన్‌లోని యూజర్లు! హార్డ్ డిస్క్‌తో పాటు ఫోల్డర్ పర్మిషన్లు కూడా వచ్చేశాయి, కొత్త విండోస్‌కి ఆ మనుషులెవరో తెలియదు కాబట్టి పేరు బదులు నంబరు చూపిస్తోంది. కౌంటర్ వాళ్లు తెరవకూడదని పాత రోజుల్లోనే ఆ ఫోల్డర్‌కి పై ఫోల్డర్ నుంచి వచ్చే పర్మిషన్లు ఆపేసి ఉన్నాయి. కాబట్టి లిస్టులో లేనివాడెవరూ లోపలికి రాలేడు.

మరి పాత మెషీన్‌లో ఎలా నడిచింది? ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్ తెరిచి సర్వీసుల లిస్టులో ‘లాగ్ ఆన్ యాజ్’ అనే కాలమ్ చూడండి, జవాబు అక్కడ ఉంటుంది. పాతదాంట్లో ఆ సర్వీస్ లోకల్ సిస్టమ్ (మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్న విండోస్ సొంత అకౌంట్) పేరు మీద నడిచేది, ఫోల్డర్ లిస్టులో సిస్టమ్ ఉంది, సరిపోయింది. కొత్తదాంట్లో అది ‘ఎన్‌టీ సర్వీస్’ కింద ‘ఎంఎస్ఎస్‌క్యూఎల్ డాలర్ ఎస్‌క్యూఎల్ఎక్స్‌ప్రెస్’ అనే సొంత అకౌంట్‌తో నడుస్తోంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 నుంచి మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే వచ్చేది ఇదే, దీనికి పాస్‌వర్డ్ ఉండదు, యూజర్ల లిస్టులోనూ కనబడదు. మనం ఎవరిగా లాగిన్ అయినా సరే, బ్యాకప్ ఫైల్‌ని డిస్క్ మీద రాసేది మనం కాదు, ఆ సర్వీస్. ఓనరు గారు “నువ్వు అడ్మిన్‌వే కదయ్యా, నీకెందుకు రావట్లేదు?” అని అడిగితే ఇలా చెప్పాను: “మీరు చీటీ రాసిచ్చినా గోడౌన్‌లోంచి పెట్టె తెచ్చేది హమాలీ కదండీ, తాళం చెవి అతని దగ్గర లేకపోతే చీటీ ఏం చేస్తుంది?” ఆయనకి వెంటనే అర్థమైంది.

ఇక పర్మిషన్ ఇవ్వడంలో ఒక తిప్పలు ఉంది, నాకు చాలాసేపు పట్టింది. సెక్యూరిటీ ట్యాబ్‌లో యాడ్ నొక్కి ‘అడ్వాన్స్‌డ్, ఫైండ్ నౌ’తో వెతికితే ఈ అకౌంట్ ఆ జాబితాలో రాదు. మీ చేత్తో మొత్తం పేరు టైప్ చేయాలి, ముందు ‘ఎన్‌టీ సర్వీస్’ మధ్యలో స్పేస్‌తో సహా, ఆ తర్వాత బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత సర్వీస్ పేరు. లొకేషన్ దగ్గర మీ కంప్యూటర్ పేరే ఉండాలి. అప్పుడు ‘చెక్ నేమ్స్’ నొక్కితే ముందు భాగం పోయి, మిగిలిన పేరు కింద గీత పడుతుంది. ఆ గీత చూసినప్పుడు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. ఫుల్ కంట్రోల్ అక్కర్లేదు, ‘మాడిఫై’ చాలు. అన్‌నోన్ అకౌంట్లన్నీ తీసేశాను. బ్యాకప్ మొదటి దెబ్బకే అయింది.

సర్వీస్‌నే లోకల్ సిస్టమ్‌కి మార్చేయొచ్చు కదా అని ఒక ఫ్రెండ్ అన్నాడు. మారిస్తే ఎర్రర్ పోతుంది, నిజమే. కానీ అప్పుడు డేటాబేస్‌లోకి ఎవరైనా దూరితే మెషీన్ మొత్తం వాళ్ల చేతికి ఇచ్చినట్టే. ఒక ఫోల్డర్ కోసం అంత అధికారం ఎందుకు?

ఇంకో చిన్న సంగతి. ఎక్స్‌ప్రెస్‌లో బ్యాకప్ కంప్రెషన్ లేదు, కాబట్టి డేటా ఎంతుంటే ఫైల్ దాదాపు అంత వస్తుంది. మాది ఆరు జీబీ దాటింది. రోజుకొకటి చొప్పున దాచాలంటే చోటు చూసుకోవాలి.

ఇక్కడితో అయిపోతుందనుకున్నాను. ఆటోమేటిక్‌గా రోజూ రాత్రి పదిన్నరకి నడవాలి కదా. ఎక్స్‌ప్రెస్‌లో టైముకి పనులు నడిపే ఎస్‌క్యూఎల్ ఏజెంట్ ఉండదు, అందుకని విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఎస్‌క్యూఎల్‌సీఎండీ (ఎస్‌క్యూఎల్‌కి ఆదేశాలు పంపే చిన్న టూల్) కమాండ్ పెట్టాలి. దానికి నా అడ్మిన్ అకౌంట్ వాడటం ఇష్టం లేక, బ్యాకప్ కోసమే ఒక మామూలు విండోస్ యూజర్‌ని తయారుచేశాను. టాస్క్ సేవ్ చేసేటప్పుడే ఆ యూజర్‌కి ‘లాగ్ ఆన్ యాజ్ ఎ బ్యాచ్ జాబ్’ హక్కు ఉండాలని విండోస్ గుర్తు చేసింది, లోకల్ సెక్యూరిటీ పాలసీలో ఇచ్చాను. శుక్రవారం రాత్రి పెట్టి వెళ్లాను. శనివారం వచ్చి చూస్తే టాస్క్ షెడ్యూలర్‌లో ‘లాస్ట్ రన్ రిజల్ట్’ 0x0, అంటే సక్సెస్. ఫోల్డర్‌లో ఫైల్ లేదు.

ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. ఎర్రర్ వచ్చి ఆగిపోతే కనీసం తెలుస్తుంది, ఇక్కడ అంతా బాగుందని పచ్చగా చూపిస్తూ లోపల ఏమీ జరగలేదు. ఇలా ఎన్ని షాపుల్లో నెలల తరబడి నడుస్తూ ఉంటుందో. విషయం ఏమిటంటే, ఎస్‌క్యూఎల్‌సీఎండీకి ‘మైనస్ బి’ అనే ఆప్షన్ ఇవ్వకపోతే, లోపల ఎస్‌క్యూఎల్ ఎర్రర్ వచ్చినా అది బయటికి సున్నానే చెబుతుంది. నేను పెట్టిన కమాండ్‌లో బయట దొరికే చాలా ఉదాహరణల్లో లాగే అది లేదు. దాన్ని పెట్టి, ‘మైనస్ ఓ’తో అవుట్‌పుట్ ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి రాయించాక అసలు ఎర్రర్లు కనబడ్డాయి.

  మొదట 916, ఆ డేటాబేస్‌లోకి వెళ్లే దారి లేదని. డేటాబేస్‌లో యూజర్‌గా కలిపాక 262, బ్యాకప్ డేటాబేస్ పర్మిషన్ డినైడ్. ఆఖరికి ‘డీబీ అండర్‌స్కోర్ బ్యాకప్ఆపరేటర్’ అనే రోల్ (కొన్ని హక్కుల కట్ట) ఇస్తే అయింది. ఈ రోల్ ఉన్నవాడు బ్యాకప్ తీయగలడు, టేబుళ్లలోని డేటా చదవలేడు, మాకు కావలసింది సరిగ్గా అదే. ప్రతిసారీ నంబరు మారుతోందంటే మీరు ముందుకు వెళ్తున్నారని అర్థం, నిరాశ పడకండి. 262 వచ్చిందంటే డేటాబేస్ లోపలి హక్కు, 3201తో పాటు ఎర్రర్ 5 వచ్చిందంటే బయట ఫోల్డర్ హక్కు. ఈ రెండూ వేరు. రెంటిలోనూ ‘డినైడ్’ అనే మాట ఉండటంతో ఒకదాని మందు ఇంకోదానికి వేస్తూ ఉంటారు. రోల్స్ ఎన్ని ఇచ్చినా ఎర్రర్ 5 పోదు, ఫోల్డర్‌ని ఎంత తెరిచినా 262 పోదు.

సోమవారం 16న రెండో కాపీ సంగతి మొదలుపెట్టాను. అదే మెషీన్‌లో ఉన్న బ్యాకప్ ఆ మెషీన్ కాలిపోతే దాంతోనే పోతుంది. ఆఫీసులో ఒక నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్కుల పెట్టె) ఉంది, నా లాగిన్‌లో అది జెడ్ డ్రైవ్. బ్యాకప్ నేరుగా జెడ్‌కి ఇస్తే ఎర్రర్ 3, పాత్ దొరకలేదని. నా కళ్ల ముందు ఎక్స్‌ప్లోరర్‌లో జెడ్ కనబడుతూనే ఉంది! మ్యాప్ చేసిన డ్రైవ్ మ్యాప్ చేసుకున్న లాగిన్‌కే ఉంటుంది, సర్వీస్‌కి జెడ్ అంటూ ఒకటి లేనే లేదు. సరే అని రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ పాత్ ఇస్తే 1326, యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు అని. నేను పాస్‌వర్డే ఇవ్వలేదు కదా అనిపించింది. ఆ సర్వీస్ అకౌంట్ నెట్‌వర్క్ మీదికి వెళ్లినప్పుడు కంప్యూటర్ పేరుతో వెళ్తుంది. డొమైన్ (అన్ని కంప్యూటర్ల అకౌంట్లూ ఒకే చోట ఉండే ఏర్పాటు) ఉన్న పెద్ద ఆఫీసుల్లో ఆ కంప్యూటర్ అకౌంట్‌కే షేర్‌లో పర్మిషన్ ఇస్తారు, పని అవుతుంది. ఏ మెషీన్ అకౌంట్లు ఆ మెషీన్‌లోనే ఉండే మాలాంటి వర్క్‌గ్రూప్‌లో మన సర్వర్ ఎవరో నాస్‌కి తెలియదు.

దీని మీద ఎక్కువ కుస్తీ పట్టలేదు. బ్యాకప్ డి డ్రైవ్‌లోకే తీసి, తర్వాత అదే బ్యాకప్ యూజర్‌తో రోబోకాపీ (విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్) ద్వారా నాస్‌కి పంపించాను. నాస్‌లో అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో ఒక యూజర్‌ని చేసి, ఆ ఒక్క ఫోల్డర్‌లో మాత్రమే రాసే హక్కు ఇచ్చాను. డి డ్రైవ్ ఫోల్డర్‌లో అతనికి చదివే హక్కు చాలు. కౌంటర్ యూజర్లకు రెండు చోట్లా ఏమీ లేదు. మర్నాడు చూస్తే ఈ టాస్క్ రిజల్ట్ 0x1. గుండె ఝల్లుమంది. కానీ ఫైల్ వచ్చింది, సైజు సరిపోయింది. రోబోకాపీ లెక్క వేరే: ఫైళ్లు కాపీ అయితే 1, కాపీ చేయాల్సిందేమీ లేకపోతే 0, ఫెయిలైతే 8 లేదా అంతకంటే ఎక్కువ. మొన్న 0x0 చూసి మోసపోయేవాళ్లం, ఇవాళ 0x1 చూసి అనవసరంగా భయపడేవాళ్లం. రిజల్ట్ కాలమ్ ఎంతసేపు చూసినా ఫైల్ తెరిచి చూసినట్టు కాదు.

అందుకే మార్చి 19, ఉగాది రోజు, ఏజెన్సీకి సెలవు కాబట్టి ఆ పూట రీస్టోర్, అంటే బ్యాకప్‌లోంచి డేటా తిరిగి ఎక్కించి చూడటం, పెట్టుకున్నాను. ఇంట్లో పచ్చడి తిని పదింటికి ఆఫీసుకి వచ్చాను. రీస్టోర్ వెరిఫైఓన్లీ అనే కమాండ్ ఉంది, అది ఫైల్ పూర్తిగా ఉందా, చదవడానికి వస్తోందా అని చూస్తుంది, మంచిదే, కానీ లోపలి డేటా సరిగ్గా ఉందో లేదో దాంతో తేలదు. ఇంకో కంప్యూటర్‌లో 2019 ఎక్స్‌ప్రెస్ వేసి నిజంగానే రీస్టోర్ చేశాను. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో ఎక్కదు, కాబట్టి టెస్ట్ మెషీన్‌లో కనీసం అదే వెర్షన్ ఉండాలి. ఫైల్‌ని డెస్క్‌టాప్ మీద పెట్టి రీస్టోర్ కొడితే మళ్లీ ఎర్రర్ 5. ఈసారి భయం వేయలేదు. డెస్క్‌టాప్ నా సొంత చోటు, ఆ మెషీన్‌లోని ఎస్‌క్యూఎల్ సర్వీస్‌కి అక్కడ చదివే హక్కు లేదు. దాని సొంత బ్యాకప్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే ఎక్కింది.

ఎక్కాక సాఫ్ట్‌వేర్ లాగిన్ కాలేదు. డేటాబేస్‌లో యూజర్ ఉన్నాడు గానీ ఈ సర్వర్‌లో ఉన్న అదే పేరు గల లాగిన్‌తో అతనికి సంబంధం తెగిపోయింది, పేర్లు ఒకటే అయినా లోపలి గుర్తింపు నంబర్లు వేరు. ‘ఆల్టర్ యూజర్’ కమాండ్‌లో ‘విత్ లాగిన్’ అని రాసి కలిపితే తెరుచుకుంది. ఇది అసలు ప్రమాదం జరిగిన రోజు, బయట షాపుల వాళ్లు ఆర్డర్ల కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే ఎదురైతే ఎలా ఉండేదో ఊహించుకోండి. సెలవు రోజు ఎదురైంది కాబట్టి కమాండ్ ఒక కాగితం మీద రాసి సర్వర్ పక్కన గోడకి అంటించాను.

మా అకౌంటెంట్ అక్కకి ఫోన్ చేసి ముందు రోజు ఆఖరి బిల్లు నంబరు అడిగాను. ఆవిడ రిజిస్టర్ చూసి చెప్పారు, స్క్రీన్ మీద అదే ఉంది. ఆ బిల్లులో ఉన్న బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు కూడా ఒక్కోటీ చదివించి సరిచూసుకున్నాను. పది రోజులుగా ఛాతీ మీద ఉన్న బరువు అప్పుడు దిగింది.

ఖర్చు చూస్తే ఏఎంసీ 4,720, అదీగాక ఓనరు గారు వారానికోసారి ఇంటికి పట్టుకెళ్లడానికి రెండు టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి, 7,200. మిగతాదంతా సమయమే.

చివరగా ఒకటి చెప్పాలి, ఇది ఇంకా మాకు ఎదురు కాలేదు, రాకుండా ముందే ఆపాను. విండోస్‌లో లోకల్ యూజర్ పాస్‌వర్డ్ మామూలు సెట్టింగ్‌లో 42 రోజులకి గడువు తీరుతుంది. టాస్క్ షెడ్యూలర్ కోసం కొత్త యూజర్‌ని చేసినవాళ్లకి నెలన్నర బ్యాకప్‌లు చక్కగా వచ్చి, ఒక రాత్రి నుంచి చడీచప్పుడు లేకుండా ఆగిపోతాయి. యూజర్ ప్రాపర్టీస్‌లో ‘పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్’ టిక్ పెట్టండి, దానికి తగ్గట్టు పాస్‌వర్డ్ పొడవుగా పెట్టండి. నాస్‌లో ఎప్పుడైనా ఆ యూజర్ పాస్‌వర్డ్ మారిస్తే సర్వర్‌లోనూ, టాస్క్‌లోనూ అదే రోజు మార్చండి.